బాకీ వసూలుకు ఏ పోర్టల్? సమాధాన్, లోక్ అదాలత్, ఓడీఆర్, ఈ-ఫైలింగ్: ఎవరికి ఏది పనికొస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో పక్కపక్కనే రెండు షాపులు ఉన్నాయనుకోండి. ఒకాయన లారీ ఛాసిస్ తెస్తే బాడీ కట్టి ఇస్తారు. పక్కాయన స్పేర్ పార్టులు అమ్ముతారు. ఒకే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఇద్దరికీ చెరి ఎనిమిది లక్షలు బాకీ పడింది. ఇద్దరి దగ్గరా జీఎస్టీ బిల్లులున్నాయి, ఇద్దరూ కేంద్ర ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో చిన్న సంస్థలుగా నమోదైనవాళ్లే. బాడీ కట్టినాయన, చిన్న సంస్థలకు రావాల్సిన బాకీల కోసం పెట్టిన ఎంఎస్‌ఎంఈ సమాధాన్ పోర్టల్‌లో అర్జీ పెడితే అసలుతో పాటు చక్రవడ్డీ కూడా అడగొచ్చు. స్పేర్ పార్టులాయన అదే అర్జీ పెడితే నిలవదు. బాకీదారు ఒకడే అయినా ఇద్దరి దారులు వేరు.

ఈ తేడా ముందే తెలియక నెలల తరబడి తప్పు గుమ్మం దగ్గర నిలబడే వ్యాపారులు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఏ పోర్టల్ తెరిచినా ఒక కేసు నంబరు ఇస్తుంది, స్టేటస్ చూపిస్తుంది, ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఆ నంబరు వెనక చట్టం ఉందా, లేక ఒక కంపెనీ కాల్ సెంటర్ మాత్రమే ఉందా అన్నదే అసలు ప్రశ్న. అందుకే పోర్టల్ ఎంచుకునే ముందు మూడు సంగతులు చూసుకోమంటాను. మీరు అమ్మింది ఏమిటి? మీ చేతిలో ఉన్న కాగితం ఏమిటి? ఎదుటివాడు "బాకీ లేదు" అంటున్నాడా, "ఇప్పుడు ఇవ్వలేను" అంటున్నాడా? ఈ మూడింటికీ జవాబు దొరికితే పోర్టల్ ఏదో దానంతట అదే తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు తేదీలు

మామూలు వ్యాపార బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. 1963 నాటి లిమిటేషన్ చట్టం పెట్టిన గడువు ఇది. ఖాతాపుస్తకం యాప్‌ల నుంచి వారం వారం రిమైండర్లు వెళ్తున్నాయి కదా, గడువు ఆగుతుందిలే అనుకుంటారు చాలామంది. ఆగదు. మీరు వంద మెసేజ్‌లు పెట్టినా ఒక్క రోజు కూడా పెరగదు. గడువు పెరగాలంటే రాయాల్సింది బాకీదారు. మూడేళ్లు దాటకముందే "ఫలానా తేదీకి మీకు ఇంత ఇవ్వాలి" అని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లింపు తన చేతిరాతతోనో సంతకంతోనో కాగితం మీదికి ఎక్కితే అప్పుడూ అంతే.

కాబట్టి ప్రతి మార్చి నెలాఖరుకూ పార్టీల దగ్గర బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం తీసుకోండి. ఆడిటర్ అడుగుతున్నారని చెబితే ఎవరూ తప్పుపట్టరు. వాట్సాప్‌లో "అన్నా, నెలాఖరుకి సర్దుతా" అని వచ్చిన మెసేజ్ సాక్ష్యంగా పనికొస్తుంది. అయితే కోర్టులో దాన్ని దాఖలు చేసేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి. ఫోన్ మార్చినప్పుడు చాట్ పోగొట్టుకోకండి. గడువు పొడిగింపు కోసం మాత్రం ఆ చాట్‌ను నమ్ముకుని కూర్చోవద్దు, సిరా సంతకం సంపాదించండి.

చెక్కు బౌన్స్ అయితే గడువులు ఇంకా బిగుతు. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులుంటాయి. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. ఈ లెక్క నడుస్తుండగా ఏదో పోర్టల్‌లో రాజీ మాటలు మాట్లాడుతూ రోజులు గడిపేస్తే, చెక్కు బౌన్స్‌ను నేరంగా చూసే 138 సెక్షన్ అనే బలమైన ఆయుధం చేతిలోంచి జారిపోతుంది.

సమాధాన్: అర్హత ఉంటే మొదటి ఎంపిక ఇదే

2006 ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం చిన్న ఉత్పత్తిదారులకు, సేవలందించేవాళ్లకు గట్టి రక్షణ ఇచ్చింది. సరుకో సేవో తీసుకున్న కంపెనీ, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోపు డబ్బు కట్టాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ పద్ధతిలో పడుతుంది. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. ఎనిమిది లక్షల బిల్లు ఏడాది ఆలస్యమైతే వడ్డీయే సుమారు లక్షా 56 వేలు. బిల్లు మీద వడ్డీ మాట రాసుకోకపోయినా, వేరేలా రాసుకున్నా ఈ వడ్డీ వర్తిస్తుంది.

2017 అక్టోబర్‌లో మొదలైన సమాధాన్ పోర్టల్ ఈ చట్టానికి ఆన్‌లైన్ గుమ్మం. ఉద్యం నంబరుతో లోపలికెళ్లి బిల్లులు, వర్క్ ఆర్డర్ అప్‌లోడ్ చేస్తే అర్జీ ఈ బాకీ వివాదాలు తేల్చే మన రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేరుతుంది. ముందు రాజీ ప్రయత్నం జరుగుతుంది. కుదరకపోతే కౌన్సిలే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట విచారించి తీర్పు చెప్పడం) చేస్తుంది, లేదా వేరే సంస్థకు అప్పగిస్తుంది. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలనుకునే కొనుగోలుదారు తీర్పు సొమ్ములో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. నా దృష్టిలో ఈ చట్టంలోని అసలు బలం వడ్డీ కంటే ఈ షరతులోనే ఉంది. ఊరికే సాగదీద్దాం అనుకునేవాళ్లను ఇది ఆలోచనలో పడేస్తుంది.

ఇంకో మేలు మన ప్రాంతానికి మరీ ముఖ్యం. కొన్నవాళ్లు ఇండోర్‌లో ఉన్నా, ముంబైలో ఉన్నా కేసు విచారించే పరిధి అమ్మినవాళ్లు ఉన్న చోటి కౌన్సిల్‌కే ఉంటుంది. గుంటూరు కారం మిల్లు యజమాని ఉత్తరాది కంపెనీ చుట్టూ తిరగక్కర్లేదు. కొనుగోలు ఆర్డరులో "వివాదాలన్నీ ముంబైలో ఆర్బిట్రేషన్ ద్వారానే" అని రాసి ఉన్నా సరే, ఈ చట్టమే పైచేయి అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

ఇక అర్హత. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మైక్రో, స్మాల్ సంస్థలకే ఈ దారి ఉంది, మీడియం సంస్థలకు లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి స్మాల్ అంటే పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్లు మించనిది. కాబట్టి మన ఊళ్లలోని యూనిట్లలో చాలా వరకు పరిమాణం అడ్డు కాదు. అడ్డొచ్చేది వ్యాపారం స్వభావం. 2021 జులైలో హోల్‌సేల్, రిటైల్ వర్తకులకు కూడా ఉద్యం నమోదు ఇచ్చారు గానీ, అది ప్రాధాన్య రంగ రుణాల కోసమే. ఆలస్య చెల్లింపుల రక్షణ వాళ్లకు రాదు. అంటే కారం పట్టి ప్యాక్ చేసే మిల్లుకు వస్తుంది, అదే మిర్చిని కొని అమ్మే వ్యాపారికి రాదు. కోల్డ్ స్టోరేజీ అద్దె సేవ కాబట్టి వస్తుంది. లారీ కిరాయి బాకీకీ వస్తుంది. వన్‌టౌన్ వస్త్రలతలో చీరలు తెచ్చి హోల్‌సేల్‌గా అమ్మే షాపుకు రాదు, ఆ పక్కనే కుట్టి ఇచ్చే గార్మెంట్ యూనిట్‌కు వస్తుంది. సివిల్ కాంట్రాక్టు పనుల విషయంలో హైకోర్టులు తలో మాట చెప్పాయి కాబట్టి ఆ రంగంలో ఉన్నవాళ్లు లాయరును అడిగి అడుగేయండి.

ఉద్యం నమోదు ఎప్పుడు జరిగిందన్నదీ కీలకమే. సరుకు ఇచ్చేనాటికే నమోదు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో బెంచ్ ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలన కోసం పెద్ద బెంచ్‌కు నివేదించింది. ఈ వాదన మనకెందుకు? నమోదుకు పైసా ఖర్చు లేదు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్, పాన్‌తో అరగంట పని. ఇంకా చేయించుకోని తయారీ యూనిట్ ఎవరిదైనా ఉంటే ఇవాళే చేయించుకోండి. డబ్బులు తీసుకుని నమోదు చేస్తామనే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు.

లోటుపాట్లూ చెప్పాలి కదా. పోర్టల్‌లో అర్జీ పడినంత మాత్రాన కేసు కదలదు. "కౌన్సిల్ ఇంకా చూడలేదు" అన్న స్టేటస్ చాలా రోజులు అలాగే ఉండొచ్చు. చట్టం 90 రోజుల్లో తేల్చమంది గానీ ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అర్జీని చూసుకుంటూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కుంటూ ఉండాలి. బిల్లుతో పాటు సరుకు అందినట్టు సంతకం ఉన్న డెలివరీ చలానా, ఈ-వే బిల్లు కూడా మొదటిరోజే జతచేయండి. సరుకు నాణ్యత మీద పార్టీ గతంలో పంపిన ఫిర్యాదు ఏదైనా ఉంటే దాచకుండా దానికి మీరిచ్చిన జవాబు పెట్టండి. అవతలివాళ్లు మొదట ఎత్తేది ఆ విషయమే. 2025 జూన్ 27న కేంద్రం ఎంఎస్‌ఎంఈలకు ప్రత్యేకంగా ఓడీఆర్ (ఆన్‌లైన్ వివాద పరిష్కార) పోర్టల్ కూడా తెచ్చింది. కౌన్సిల్ దాకా వెళ్లకముందే ఆన్‌లైన్‌లో బేరమాడుకుని తేల్చుకునే ఏర్పాటు అది.

అర్జీ పెట్టడానికి ముందు ఒక ఉత్తరంతో పని జరిగే అవకాశం కూడా ఉంది. మైక్రో, స్మాల్ ఉత్పత్తిదారులకు గడువులోపు కట్టని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధన అమల్లోకి వచ్చింది. జీఎస్టీలో అయితే వర్తకుడి బిల్లుకైనా సరే, 180 రోజుల్లోపు డబ్బు కట్టకపోతే కొనుగోలుదారు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలి. ఈ రెండింటినీ ప్రస్తావిస్తూ పార్టీకీ, వీలైతే వాళ్ల అకౌంట్స్ విభాగానికీ మర్యాదగా ఒక మెయిల్ పంపండి. యజమాని వినకపోయినా ఆడిటర్ వింటాడు.

ఏజెన్సీల డాష్‌బోర్డులు: చాలా జాగ్రత్త

"మీ బాకీల లిస్టు ఎక్సెల్‌లో పంపండి, వసూలైతేనే కమీషన్" అనే కంపెనీలు వేరే రకం. లిస్టు అప్‌లోడ్ చేయగానే ప్రతి బాకీకీ ఒక కేసు తెరుచుకుంటుంది. ఎవరు ఎప్పుడు ఫోన్ చేశారు, పార్టీ ఏమన్నాడు, ఎప్పుడు కడతానన్నాడు అన్నీ వరుసగా కనిపిస్తాయి. వందలకొద్దీ చిన్న బాకీలున్న ఏజెన్సీకో, డిస్ట్రిబ్యూటర్‌కో ఈ పద్ధతి పనికొస్తుంది. పది, పదిహేను పార్టీలున్న వ్యాపారికి నేను చెప్పను. ఆ కంపెనీ వెనక చట్టబద్ధమైన అధికారం ఏమీ లేదు. వాళ్లు చేసేది ఫోన్లు, నోటీసులు, ఒత్తిడి. ఆ మూడూ మీ గుమాస్తా కూడా చేయగలడు. పార్టీతో ఇరవై ఏళ్ల సంబంధం ఉంటే, ముక్కూ మొహం తెలియని గొంతు ఫోన్‌లో గద్దించడం వల్ల ఆ సంబంధం తెగిపోతుంది, బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

అయినా తీసుకోవాలనుకుంటే ఒప్పందంలో కొన్ని విషయాలు పట్టుబట్టి రాయించండి. వసూలైన డబ్బు నేరుగా మీ ఖాతాకే రావాలి. ఏజెన్సీ ఖాతాకు వెళ్లి తర్వాత మీకు రావడం ఒప్పుకోవద్దు. కాల్స్ రికార్డు మీకు అందుబాటులో ఉండాలి. ఒప్పందం ముగిస్తే మొత్తం కేసుల చరిత్ర డౌన్‌లోడ్ చేసుకునే వీలుండాలి. అది లేకపోతే రేపు కోర్టుకు వెళ్లేటప్పుడు మీ ఆధారాలు మీ చేతిలో ఉండవు. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో ఆదేశించింది. వ్యాపార బాకీకి ఆ ఆదేశం నేరుగా వర్తించదు గానీ, మీ ఏజెన్సీకి అదే గీత గీయండి. బాకీదారు బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పి పరువు తీయడం, ఇంటికి మనుషుల్ని పంపడం అసలు వద్దు. బెదిరింపు కేసు పెడితే మీరూ అందులో ఉంటారు. లోన్ యాప్‌ల వేధింపులతో మన రాష్ట్రంలోనే ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో చూశాం. మన బాకీ ఎంత న్యాయమైనదైనా ఆ దారిలో అడగకూడదు.

బాకీ ఒప్పుకుంటూ టైమ్ అడుగుతుంటే లోక్ అదాలత్

"ఉంది, ఇస్తాను, ఒక్కసారిగా ఇవ్వలేను" అనే పార్టీకి లోక్ అదాలత్‌ను మించింది లేదు. కోర్టులో కేసు లేకపోయినా ప్రీ లిటిగేషన్ కేసుగా పెట్టుకోవచ్చు. గుంటూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. విజయవాడవాళ్లు అక్కడి కోర్టుల ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంఘాన్ని అడగొచ్చు. వివరాలకు 15100 హెల్ప్‌లైన్ ఉంది. ఫీజు లేదు. ఈ-లోక్ అదాలత్‌లు 2020లో మొదలయ్యాక వీడియోలో హాజరయ్యే వీలూ వచ్చింది కాబట్టి పొరుగూరి పార్టీ "రాలేను" అనే సాకు కొంత తగ్గింది.

ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు. వాయిదా తప్పితే కొత్తగా దావా వేయక్కర్లేదు, నేరుగా ఈపీ (అమలు పిటిషన్) వేసుకోవచ్చు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న రాజీకి, దీనికి ఉన్న తేడా అదే. రాజీ షరతుల్లో "రెండు వాయిదాలు తప్పితే మిగతా మొత్తం వడ్డీతో ఒకేసారి చెల్లించాలి" అనే వాక్యం తప్పకుండా పెట్టించండి. అది లేకపోతే తప్పిన ఒక్కో వాయిదా కోసం విడివిడిగా తిరగాల్సి వస్తుంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. అవతలివాళ్లు రాకపోయినా, ఒప్పుకోకపోయినా లోక్ అదాలత్ చేయగలిగింది ఏమీ లేదు. ఇక్కడ కేసు పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన మూడేళ్ల గడువూ ఆగదు. రెండేళ్ల పది నెలలు దాటిన బాకీని ఇక్కడికి తీసుకెళ్లడం ప్రమాదం.

ప్రైవేటు ఓడీఆర్

ఆన్‌లైన్ ఆర్బిట్రేషన్ ప్లాట్‌ఫామ్‌లలో నోటీసు మెయిల్, వాట్సాప్, ఎస్‌ఎంఎస్‌లలో వెళ్తుంది, విచారణ వీడియోలో జరుగుతుంది, కాగితాలన్నీ కేసు పేజీలో ఉంటాయి. కేసు నిర్వహణ వరకు చూస్తే అన్నిటికంటే సాఫీగా నడిచేవి ఇవే. అయితే ఆర్బిట్రేషన్‌కు ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మన బిల్లు పుస్తకాల అడుగున "విజయవాడ కోర్టుల పరిధికి లోబడి" అని ముద్రించి ఉంటుందే, అది ఆర్బిట్రేషన్ ఒప్పందం కాదు. వచ్చే ఏడాది సప్లై ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక పేరా చేర్చుకుని పార్టీ సంతకం తీసుకుంటే అప్పుడు ఈ దారి తెరుచుకుంటుంది. పాత బాకీల విషయంలో పార్టీ ఇప్పుడు ఒప్పుకుంటేనే కుదురుతుంది.

వర్తకులకు, అంటే సమాధాన్ తలుపు మూసి ఉన్నవాళ్లకు, ముందుముందు ఇది మంచి ప్రత్యామ్నాయమని నా నమ్మకం. ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంతని మాత్రమే కాకుండా, ఆర్బిట్రేటర్‌ను ఎవరు నియమిస్తారని అడగండి. ఒక పక్షమే తన ఇష్టం వచ్చినవాళ్లను ఏకైక ఆర్బిట్రేటర్‌గా పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేల్చింది. అలా వచ్చిన అవార్డు తర్వాత కోర్టులో నిలబడదు, మీ కష్టం వృథా. అవార్డు వచ్చాక కూడా డబ్బు దానంతట అదే రాదు. సవాలు చేసే గడువు మూడు నెలలు గడిచాక కోర్టులోనే అమలు చేయించుకోవాలి.

ఇదే ప్లాట్‌ఫామ్ నుంచి మీకే నోటీసు వస్తే? ఫైనాన్స్ కంపెనీలు వాయిదాలు తప్పినవాళ్లకు ఇలాంటి నోటీసులు పంపిస్తుంటాయి. వాట్సాప్‌లో వచ్చింది కదా, దొంగ మెసేజ్ అని తుడిచేయకండి. కంపెనీ అధికారిక కస్టమర్ కేర్‌కు మీరే ఫోన్ చేసి నిజమో కాదో తెలుసుకోండి. నిజమైతే గడువులోపు జవాబివ్వండి. ఆర్బిట్రేటర్ నియామకం మీద అభ్యంతరం ఉంటే ఆ జవాబులోనే రాయండి. మీరు పలకకపోతే మీరు లేకుండానే అవార్డు వచ్చేస్తుంది. ఏజెంట్ల వేధింపు ఉంటే ముందు ఆ సంస్థకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ హెల్ప్‌లైన్ నంబరు 14448.

కోర్టు ఈ-ఫైలింగ్: ఎప్పుడు ఇక ఆగకూడదు

పార్టీ బాకీయే లేదంటున్నాడు, లేదా గడువు దగ్గరపడింది, లేదా "ఐపీ పెట్టబోతున్నాడట" అని మార్కెట్‌లో గుసగుస వినిపిస్తోంది. ఈ మూడింట్లో ఏదైనా ఉంటే మిగతా పోర్టల్‌లన్నీ పక్కన పెట్టి లాయరును కలవండి. ఆస్తి చేతులు మారకుండా తీర్పుకు ముందే జప్తు చేయించుకోవడం కోర్టులో అయ్యే పని. సమాధాన్ డాష్‌బోర్డులో గానీ, ఏజెన్సీ యాప్‌లో గానీ అలాంటి బటన్ లేదు.

ప్రోనోటు, చెక్కు, లేదా రాతపూర్వక ఒప్పందం మీది నిర్దిష్ట మొత్తం అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డర్ కింద సమ్మరీ దావా వేయొచ్చు. సమన్లు అందిన పది రోజుల్లో ప్రతివాది హాజరు తెలపాలి. ఆ తర్వాత కూడా కోర్టు అనుమతి లేకుండా వాదించలేడు. మామూలు దావాతో పోలిస్తే చాలా సమయం ఆదా అవుతుంది. వర్తకుల మధ్య సరుకు బాకీ మూడు లక్షలు, అంతకు మించితే కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తుంది. విజయవాడలో దీనికి ప్రత్యేక కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వులేవీ అడగని పక్షంలో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. న్యాయసేవాధికార సంస్థకు వెయ్యి రూపాయల రుసుముతో దరఖాస్తు చేయాలి. అవతలివాళ్లు రాకపోతే ఆ సంగతి రాసి ఇస్తారు, దాంతో దావా వేసుకోవచ్చు. లోక్ అదాలత్‌కూ దీనికీ ఒక తేడా గుర్తుంచుకోండి: ఈ మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని మూడేళ్ల గడువు లెక్కలోంచి తీసేస్తారు.

దాఖలు చేశాక 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా తేదీలు, ఉత్తర్వులు మీ ఫోన్‌లోనే కనిపిస్తాయి. లాయరు ఆఫీసు చుట్టూ తిరిగి "మన కేసు ఎప్పుడండీ" అని అడిగే రోజులు పోయాయి. బాకీ కోటి దాటి, పార్టీ కంపెనీ అయితే దివాలా స్మృతి కింద డిమాండ్ నోటీసు ఇచ్చి, పది రోజుల తర్వాత ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ వ్యవహారాల ట్రిబ్యునల్) అమరావతి బెంచ్‌కు వెళ్లే మార్గమూ ఉంది. అయితే బాకీ మీద అంతకుముందే వివాదం ఉంటే అక్కడ నిలవదు.

మన ఊళ్లో ఎవరికి ఏది

కారం మిల్లు, కోల్డ్ స్టోరేజీ, లారీ కిరాయి, బాడీ బిల్డింగ్, ప్రింటింగ్ ప్రెస్ బాకీలకు ముందు పన్ను నిబంధనలు గుర్తుచేస్తూ మెయిల్, నెలలోపు కదలిక లేకపోతే సమాధాన్. పెద్ద కంపెనీలకు క్రమం తప్పకుండా సరుకిచ్చేవాళ్లయితే ట్రెడ్స్ వేదికల గురించి కూడా తెలుసుకోండి. 250 కోట్లు మించిన టర్నోవర్ ఉన్న కంపెనీలు వాటిలో చేరడం తప్పనిసరి చేశారు. కంపెనీ ఆమోదించిన మీ బిల్లు మీద బ్యాంకు ముందే డబ్బు ఇస్తుంది, బాకీ అనే మాటే రాదు.

మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి, దుగ్గిరాల పసుపు వ్యాపారి, వస్త్రలత హోల్‌సేలర్, స్పేర్ పార్టుల షాపు వాళ్లకు సమాధాన్ లేదు. పార్టీ ఒప్పుకుంటుంటే లోక్ అదాలత్, ఒప్పుకోకపోతే మూడు లక్షల పైన కమర్షియల్ కోర్టు, అంతకు లోపల సాధారణ సివిల్ కోర్టు. చెక్కు చేతిలో ఉంటే 138 గడువులు ముందు.

తెలిసినవాళ్లకు ప్రోనోటు మీద ఇచ్చిన చేబదులైతే యాప్‌లు, ఏజెన్సీలు ఏవీ వద్దు. ఒక లాయరు నోటీసు, ఆ తర్వాత ప్రీ లిటిగేషన్ కేసు, అదీ కాకపోతే సమ్మరీ దావా.

ఏ దారి పట్టినా మీ సొంత కేసు ఫైలు ఒకటి విడిగా ఉంచుకోండి. గూగుల్ డ్రైవ్‌లో పార్టీ పేరుతో ఒక ఫోల్డర్ చాలు. బిల్లులు, చలానాలు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పార్టీ కట్టిన ఎంట్రీలు, సంతకం పెట్టిన బ్యాలెన్స్ కాగితం, చాట్ ఎగుమతి, పంపిన నోటీసు, దాని పోస్టల్ రసీదు అందులో ఉండాలి. పైన ఒక పేజీలో తేదీల వరుస రాయండి: సరుకు ఎప్పుడు ఇచ్చారు, డబ్బు ఎప్పటికి రావాలి, చివరిగా ఎంత కట్టాడు, చివరి సంతకం ఎప్పటిది, మూడేళ్లు ఎప్పటికి నిండుతాయి. లాయరు దగ్గరికి వెళ్లినా, కౌన్సిల్ విచారణకు కూర్చున్నా మొదట అడిగేది ఆ పేజీనే. ఆ చివరి తేదీకి ఆరు నెలల ముందు ఫోన్‌లో ఒక అలారం పెట్టుకోండి.